పంక్చర్ల తుకిరన్‌కి బయటివాడే కావాలి

మా పంక్చర్ల తుకిరన్ అన్నయ్యకి ఒక్కటే పిచ్చి. ఏ పనైనా సరే, బయటివాడు వచ్చి చేస్తేనే అది పని. తగువు తీర్చాలన్నా, కూర రుచి చూడాలన్నా, గోడకి మేకు కొట్టాలన్నా మన ఊరివాడు పనికిరాడు. పొరుగూరివాడైతే మంచిది, పక్క జిల్లావాడైతే మరీ మంచిది. సముద్రం దాటి వచ్చినవాడైతే ఇక చెప్పక్కర్లేదు, ఆ మనిషికి తన స్టూలు ఇచ్చేసి తను పాత టైరు మీద కూర్చుంటాడు.

సుంబర్‌జాతి అనే మా ఊళ్ళో బస్టాపు దగ్గర నాది కాఫీ కొట్టు. పక్కనే రేకుల కింద ఆయనది పంక్చర్ కొట్టు. పందొమ్మిదేళ్ళుగా నా కాఫీ ఆయన కడుపులోనూ ఆయన వాదన నా చెవుల్లోనూ పడుతూనే ఉన్నాయి. ఆయన గురించి చెప్పడానికి నాకంటే ఎక్కువ అర్హత ఉన్నది ఆయన భార్య వార్సిని వదినకే. కాకపోతే ఆమె మొదలుపెడితే ఆపదు. అందుకని నేనే చెబుతున్నాను.

ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, అన్నయ్య తన మోటార్‌సైకిల్ని తోసుకుంటూ పోతున్నాడు. వెనక టైరు చదునుగా నేలకి అంటుకుపోయి ఉంది.

"ఎక్కడికన్నయ్యా?"

"కలిరేజోకి. పంక్చర్ పడింది."

"పంక్చర్ పడితే మూడు కిలోమీటర్లు తోసుకెళ్ళడం దేనికి? మరి నువ్వు ఇక్కడ చేసే పనేంటి?"

"లస్మీ, ఏ డాక్టరైనా తన కడుపు తను కోసుకుంటాడా?"

పొరుగూరు కలిరేజోలోని పంక్చర్లవాడు ఈయన్ని చూసి హడలిపోయాడట. తన పనితనం తనిఖీ చెయ్యడానికి వచ్చాడనుకుని ఒకే చిల్లుకి మూడు అతుకులు వేసి, టైరు కూడా కడిగి పంపాడు. నెలరోజులు అన్నయ్య ఆ అతుకుల్ని వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించాడు. "చూశారా, బయటివాడి శ్రద్ధ!"

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి పనసకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన, కాలేదని వదిన. బస్సు దిగి నీడకోసం చూస్తున్న ఒక పరుపుల వ్యాపారిని ఈయన చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళాడు.

"బాబూ, మీదే ఊరు?"

"బాన్యువంగి."

"చాలా దూరం. కూర్చోండి. తిని నిజం చెప్పండి."

ఆ మనిషి రెండు కంచాలు లాగించి, మూతి తుడుచుకుని, "ఉప్పు సరిపోయిందండి, అన్నమే సరిపోలేదు," అని తీర్పు చెప్పాడు. అన్నయ్య ఆ తీర్పుకి తలవంచాడు. వదిన మాత్రం ఆ పూట అన్నం లేకుండా పడుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈయన సొంతింటి కూరని కూడా పొరుగువాడి నోటితో రుచి చూసే రకం.

ఇలాంటి మనిషికి ఫుట్‌బాల్ దొరికితే ఊరుకుంటాడా? ఆ ఏడాది దేశమంతా ఒకటే గొడవ. జాతీయ జట్టుకి విదేశీ కోచ్‌ని పెట్టాలా, మనవాణ్ణి పెట్టాలా? నా కొట్టులో టీవీ ఉంది కాబట్టి సుంబర్‌జాతి శాఖ గొడవంతా నా కొట్టులోనే జరిగేది. ఇటు తుకిరన్ అన్నయ్య. అటు పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన కర్యోనో గారు. మధ్యలో వేయించిన టెంపే పళ్ళెంతో నేను. టెంపే అంటే సోయా గింజల అట్టు. వేడిగా ఉన్నంతసేపే నోళ్ళు మూతపడేవి.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలయ్యా," అనేవారు కర్యోనో గారు. "పదిహేడు వేల దీవులున్నాయి మనకి. ఒక్క మగాడు దొరకలేదా కోచ్ పనికి?"

"దొరుకుతాడు. వాడితోపాటు వాడి మేనల్లుడూ దొరుకుతాడు."

"మేనల్లుడికీ గోల్‌కీ సంబంధం ఏంటి?"

"రేపు గోల్ ముందు నిలబడేది వాడే కాబట్టి."

"విదేశీవాడికి మన భాష రాదు కదా!"

"అదే కదా మేలు. సిఫార్సు అర్థం కాదు."

"జాతీయ గీతం పాడుతుంటే నోరు మూసుకుని నిలబడతాడు!"

"మనవాళ్ళు నోరు తెరిచి పాడుతున్నారు. తర్వాత తొంభై నిమిషాలూ ఆ తెరిచిన నోరు మూయడం లేదు."

కర్యోనో గారు గ్లాసు బల్లమీద కొట్టి లేచేవారు. నేను ఆయన పక్షమే. మన ఇంటి పెళ్ళికి మనమే వంట చేసుకోవాలి, మాడితే మనమే తినాలి అనేది నా సిద్ధాంతం. ఆ మాట అంటే అన్నయ్య, "నీకు ఊరి బయటి విషయాలు ఊళ్ళో ఉండి తెలియవులే," అనేవాడు. ఆయన మటుకు ఊరు దాటి వెళ్ళింది కలిరేజోకే, అదీ బండి తోసుకుంటూ.

అంతవరకు నవ్వులాటే. ఆగస్టు వచ్చాక నాకు నిజంగానే కోపం వచ్చింది.

ఆగస్టులో స్వాతంత్ర్య దినానికి మా వైపు ఊళ్ళ మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. గెలిచిన ఊరికి మేక. ఒక్కో ఊరు ఇద్దరు బయటి ఆటగాళ్ళని తెచ్చుకోవచ్చు, అది పాత ఆచారం. మా జట్టుకి కోచ్ సుతోపో మాష్టారు. బళ్ళో లెక్కలు చెబుతారు. పద్నాలుగేళ్ళుగా పైసా తీసుకోకుండా మావాళ్ళచేత బంతి తన్నిస్తున్నారు. గట్టిగా మాట్లాడటం తెలియదు. ఎవరైనా తప్పు చేస్తే "మళ్ళీ చేద్దామా నాన్నా?" అంటారు, అదే ఆయన తిట్టు.

పోయినేడు ఫైనల్లో కలిరేజోతో ఆట సమంగా ఉండగా, చివరి ఐదు నిమిషాల్లో మాష్టారు గోల్‌కీపర్ని మార్చారు. మొదటివాడి మోకాలు వాచిందని. కొత్తగా వచ్చినవాడు మొదటి బంతికే పక్కకి దూకాడు, బంతి ఇంకో పక్కనుంచి వెళ్ళింది. మేక కలిరేజోకి వెళ్ళింది. ఆరోజునుంచి మా ఊళ్ళో ఏది చెడినా దానికి "మాష్టారి మార్పు" అని పేరు. కరెంటు పోతే మాష్టారి మార్పు. బస్సు రాకపోతే మాష్టారి మార్పు. నా కొట్టులో పంచదార బదులు ఉప్పు పడితే కూడా అదే మాట, దానికి నేనూ పగలబడి నవ్వాను. మాష్టారు కాఫీకి రావడం మానేశారు. డాక్టర్ వద్దన్నాడేమో అనుకున్నాం.

ఈ ఏడాది మళ్ళీ ఫైనల్‌కి వచ్చాం. మళ్ళీ కలిరేజోతోనే. పంచాయతీ హాల్లో సమావేశం పెట్టారు. మా ఊళ్ళో ఓట్లు వెయ్యడం ఉండదు, అందరూ ఒప్పుకునేదాకా కూర్చోవడమే పద్ధతి. నిజానికి ఎవరికి ముందు ఆకలేస్తే వాళ్ళు ఓడినట్టు.

"పోయినేడు మేకని పోగొట్టింది మాష్టారే, ఈసారి తెచ్చేదీ మాష్టారే," అన్నారు కర్యోనో గారు. అందరూ నవ్వారు. మాష్టారు కూడా నవ్వారు గానీ ఆయన కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేసి తలుపు దగ్గరికి జరిగి కూర్చోవడం నేను చూశాను. ఇంకోసారి ఓడితే ఈ మనిషి మళ్ళీ తలెత్తుకోలేడని నాకు అప్పుడే అర్థమైంది. గెలిస్తే మాత్రం ఆ పాడు పేరు ఒక్కరోజులో పోతుంది. గెలవాలి దేవుడా అనుకుంటున్నాను.

అప్పుడు లేచాడు మా అన్నయ్య.

"మాష్టారు మంచాయన. కానీ మనవాడు. ఫైనల్‌కి మనవాడు వద్దు. బయటి కోచ్ కావాలి."

హాలంతా గొల్లుమంది. "మరి మాష్టారో?" అని ఎవరో అడిగారు.

"ఆయన నీళ్ళ బకెట్ పట్టుకుంటారు."

నాకు ఒళ్ళు మండింది. "పద్నాలుగేళ్ళు నేర్పిన మనిషిని బకెట్ మొయ్యమంటావా? నీ నాలుక్కి పంక్చర్ పడ!" అన్నాను, అంతమందిలో.

"పడితే కలిరేజోలో వేయించుకుంటాలే. కోచ్ మాత్రం బయటివాడే."

నాలుగు గంటలు కూర్చున్నాం. టెంపే అయిపోయింది, ఉడికించిన వేరుశనక్కాయలూ అయిపోయాయి. కర్యోనో గారి కడుపులోంచి శబ్దాలు హాలంతా వినబడ్డాయి. తుకిరన్ మాత్రం బిర్రబిగిసి కూర్చున్నాడు. వచ్చేముందే వదినచేత రెండు కంచాలు వడ్డించుకుని తిని వచ్చాడని తర్వాత తెలిసింది. చివరికి మాష్టారే, "ఊరు ఎలా అంటే అలాగే," అన్నారు. అందరూ అమ్మయ్య అని ఇళ్ళకి పరుగెత్తారు.

మూడు రోజులు నేను తుకిరన్‌కి కాఫీ పొయ్యలేదు. ఆయన దర్జాగా ఫ్లాస్కు పట్టుకుని కలిరేజో వెళ్ళి తెచ్చుకున్నాడు. నా కొట్టు ముందే కూర్చుని మూత తీసి, "ఆహా, బయటి కాఫీ!" అని తాగాడు.

ఇంతకీ ఆయన తెచ్చిన కోచ్ ఎవరనుకున్నారు? జమారిస్. అవతలి దీవి సుమత్రా నుంచి వచ్చి సంతల్లో మోకాళ్ళ నూనె అమ్ముకునే మనిషి. మోటార్‌సైకిల్‌కి రెండు వైపులా సీసాల పెట్టెలు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. ఫుట్‌బాల్ ఎప్పుడైనా ఆడావా అంటే, "తగిలిన వాళ్ళకి నూనె రాశాను," అన్నాడు.

"సముద్రం దాటి వచ్చాడు!" అని అన్నయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

ఫైనల్ రోజు. మైదానం చుట్టూ రెండు ఊళ్ళూ నిలబడ్డాయి. గీత పక్కన జమారిస్, మెడలో ఈల. బెంచీ చివర సుతోపో మాష్టారు, కాళ్ళ దగ్గర నీళ్ళ బకెట్. ఆయన్ని ఆ స్థితిలో చూడలేక నేను తల తిప్పుకున్నాను.

ఆట మొదలైంది. జమారిస్ కూడా మొదలుపెట్టాడు.

"రండి బాబూ రండి! ఎడమ పక్కకి రండి! ఆలసించకండి, అవకాశం పోతే రాదు! ఒక్క తన్ను, ఒకే ఒక్క తన్ను!"

జనం పడీ పడీ నవ్వారు. పదిహేనో నిమిషంలో కలిరేజో గోల్ కొట్టింది. నవ్వు ఆగి తిట్లు మొదలయ్యాయి.

"ఒరే నూనె సీసా! దిగిపోరా!"

"వీణ్ణి ఏ సంతలో కొన్నార్రా?"

వేరుశనక్కాయలు విసిరారు. జమారిస్ వాటిని గాల్లోనే పట్టుకుని, ఒలుచుకుని తిని, విసిరినవాళ్ళకి దండం పెట్టాడు. నేనూ గొంతు పోయేలా తిట్టాను, అబద్ధం ఎందుకు. ఊరు ఊరంతా అతని మీదే పడింది. బకెట్ వైపు చూసిన నాథుడు లేడు.

రెండో సగంలో, ఇంక పావుగంట ఉందనగా, జమారిస్ చెయ్యి ఊపి ఒక ఆటగాణ్ణి బయటికి పిలిచాడు. ఎవర్ననుకున్నారు? మేం పట్నం నుంచి తెప్పించుకున్న వేగం మనిషిని! అతని బదులు ఎవరు దిగారు? పోస్ట్‌మ్యాన్ దర్మాజీ! నలభై ఒకటో ఏడు, కాస్త పొట్ట, మెట్టు ఎక్కితే ఆయాసం.

నా పక్కన కర్యోనో గారు నెత్తి బాదుకున్నారు. "అయిపోయిందమ్మా లస్మీ, మేక పోయింది! ఈ నూనెవాడికి మతిపోయింది! మాష్టారే నయం!"

దర్మాజీ పరుగెత్తలేదు. కలిరేజో గోల్‌కి పది అడుగుల దూరంలో, ఉత్తరం ఇవ్వడానికి వచ్చి తలుపు తీసేదాకా ఆగినట్టు నిలబడ్డాడు. అప్పటిదాకా పట్నం మనిషిని కాపలా కాసిన ఇద్దరూ ఈ పొట్టాయన్ని పట్టించుకోలేదు. ఎడమ పక్కనుంచి బంతి ఎగిరొచ్చింది. తల పెట్టాడు. గోల్! మా ఊరివాళ్ళ కేకకి కాకులు లేచిపోయాయి. ఇంకో ఎనిమిది నిమిషాలకి అదే చోట, అదే తల, అదే గోల్. రెండు ఒకటి. చివరి ఈల మోగింది.

"నూనె కోచ్‌ని ఎత్తండ్రా!" అని అందరూ గీత దగ్గరికి ఉరికారు. అక్కడ జమారిస్ లేడు. ఈల మాత్రం బెంచీ మీద ఉంది.

"అతనెందుకు?" అని అరిచాడు దర్మాజీ, ఆయాసపడుతూనే. "నన్ను దించింది మాష్టారు. ఎక్కడ నిలబడాలో మాష్టారే చెప్పారు, నీళ్ళు తాగేటప్పుడు. ఇంతసేపూ పట్నం వాడి వెనక పరుగెత్తిన ఇద్దరూ నిన్ను లెక్కచెయ్యరు, నీ జోలికి ఎవరూ రారు, నువ్వు కదలకు నాన్నా అన్నారు."

అందరూ బెంచీ చివరికి తిరిగారు. ఆ తర్వాత సుతోపో మాష్టారు బకెట్‌తో సహా గాల్లోకి లేచారు. నీళ్ళన్నీ కర్యోనో గారి మీద పడ్డాయి. ఆ తడి మొహంతోనే ఆయన, "మాష్టారి మార్పు! మాష్టారి మార్పు!" అని కేకలు పెట్టారు. ఊరంతా అందుకుంది. అదే మాట. కానీ ఇప్పుడు ఆ మాటకి మాష్టారు పైనుంచి నవ్వుతున్నారు.

గెలిచిన ఊరంతా కాఫీకి నా మీద పడుతుందని నేను ముందే కొట్టుకి పరుగెత్తాను. చూస్తే అక్కడ జమారిస్! బండికి సీసాల పెట్టెలు కట్టుకుంటున్నాడు. టైర్లు రెండూ కొత్తగా మెరుస్తున్నాయి.

"ఏంటయ్యా, గెలిచి పారిపోతున్నావు? అక్కడ నిన్ను వెతుకుతున్నారు!"

"వెతక్కముందే పొమ్మన్నాడమ్మా మీ అన్నయ్య. అదే ఒప్పందం, ఈ టైర్లు రెండూ దానికే."

"ఏం ఒప్పందం?"

"గెలిస్తే ఈల మోగగానే బండెక్కెయ్యాలి. ఓడితే చీకటి పడేదాకా ఊరి మధ్య కూర్చుని తిట్లన్నీ తినాలి, ఒక్కటి కూడా మాష్టారికి మిగల్చకూడదు. నాకు కష్టమేం లేదమ్మా. నా నూనె రాసుకున్నవాళ్ళు రోజూ ఇంతకంటే ఎక్కువ తిడతారు."

"మరి ఆట?"

"ఆట నాకేం తెలుసు! మాష్టారు నీళ్ళు పోస్తూ ఏం చెబితే అది అరిచాను. మొదట్లో ఆయన చెప్పడానికే భయపడ్డారు. తిట్లన్నీ నా మీదే పడుతున్నాయని గమనించాక, అమ్మో, ఎంత ధైర్యం వచ్చిందో! ఆ పొట్టాయన్ని దించుదామంటే నేనే రెండుసార్లు అడిగాను, నిజంగానేనా అని."

వేరుశనక్కాయల పొట్టు దులుపుకుని, బండెక్కి, పడమర రోడ్డు మీద వెళ్ళిపోయాడు.

నేను నీళ్ళు పొయ్యిమీద పడేసి పక్క రేకుల కిందికి వెళ్ళాను. అప్పటికి తుకిరన్ అన్నయ్య వచ్చి, పంపు చేతబట్టి టైర్ల మధ్య ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు.

"అన్నయ్యా."

"ఊఁ."

"ఇదంతా మాష్టారి కోసమా?"

"ఎవరన్నారు? బయటి కోచ్ ఉంటేనే గెలుస్తామని నేను ముందునుంచీ చెప్పలా?"

"జమారిస్ అంతా చెప్పేశాడు."

అన్నయ్య పంపు కింద పెట్టాడు. "వాడి నోరు పడ! సరే విను. పోయినేడు ఓడాక మాష్టారు బడికి ఎలా వెళ్ళారో తెలుసా? ఈ రోడ్డు మీద కాదు. వెనక వరిగట్ల మీదుగా, బూట్లు చేత్తో పట్టుకుని. వానల్లో కూడా. ఇటు వస్తే మనం నవ్వుతామని. ఏడాది పొడుగునా చూశాను నేను. విదేశీ కోచ్ ఓడితే ఏమవుతుందమ్మా? విమానమెక్కి వెళ్ళిపోతాడు, మన తిట్లు వాడి ఊరిదాకా పోవు. మనవాడు ఓడితే ఎక్కడికెళ్తాడు? ఇక్కడే కదా ఉండాలి. మనింటి ముందునుంచే కదా బడికెళ్ళాలి. అందుకే నేను జాతీయ జట్టుకైనా ఇదే చెప్తా. మనవాళ్ళ మీద రాళ్ళేసే అలవాటు మనకి పోయేదాకా, తిట్లు తినేవాణ్ణి బయటినుంచి తెచ్చుకోవాలి."

ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గుతో మొహం కడుక్కోవాలనిపించింది. "మరి ఆ సమావేశంలో ఈ ముక్కే చెబితే పోయేది కదా? ఊరంతా నిన్ను తిట్టింది. నేను మూడు రోజులు కాఫీ కూడా పొయ్యలేదు."

"చెబితే మాష్టారు ఒప్పుకునేవారా? జాలిపడి ఇచ్చింది ఆయన తీసుకోరు. ఇంకా, అంతమందిలో బూట్ల సంగతి ఎలా చెప్పను?"

అటునుంచి డప్పులు దగ్గరవుతున్నాయి. ముందు మేక, దాని వెనక జనం భుజాల మీద మాష్టారు, నడి రోడ్డు మీద.

నేను పెద్ద గ్లాసు నిండా కాఫీ కలిపి, అడక్కుండానే రెండు చెంచాల పంచదార వేసి, తుకిరన్ చేతికిచ్చాను. "అన్నయ్యా, ఇన్నాళ్ళూ నిన్ను పిచ్చోడనుకున్నాను. నువ్వు చాలా మంచివాడివి," అన్నాను. మనసారా అన్నాను.

ఆయన గ్లాసు మీద ఊది, ఒక గుక్క తాగి, తల అడ్డంగా ఊపాడు.

"అది నువ్వు చెబితే చెల్లదు లస్మీ. ఒకే ఊరివాళ్ళం, పైగా పక్కపక్క కొట్లు. బయటివాళ్ళెవరైనా చెప్పాలి."

అందుకే ఇదంతా మీకు చెప్పుకొచ్చాను. మీరు మా ఊరివాళ్ళు కారు, మా జిల్లావాళ్ళు కారు, సముద్రానికి అవతలివాళ్ళు. ఆయన మంచివాడో కాదో కాస్త మీరే చెప్పండి, నేను వెళ్ళి ఆయనకి వినిపిస్తాను.